కదలని గీత

తలుపు తెరిచి ఉంది. గీత కదలలేదు.

నర్మద కుర్చీ ముందుకు లాక్కుని తెర మీదికి వంగింది. తలుపు బొమ్మ ఎర్రగా వెలుగుతోంది. ఆ బొమ్మ నిన్నటిదాకా లేదు. నిన్న సాయంత్రం బండ్లు కడుగుతుంటే సెన్సార్లు బిగించే నిశాంత్ హైదరాబాదు నుంచి వచ్చి ప్రతి బండి వెనక తలుపుకూ గుండీ అంత అయస్కాంతం అంటించి పోయాడు. తలుపు తీస్తే ఇక్కడ ఎర్రబడుతుంది, మూస్తే పచ్చబడుతుంది, అంతే. ఇప్పుడు ఎర్రగా ఉంది. బండి కందుకూరు పశువుల దవాఖాన ముందు ఆగింది, పెట్టెలు దించుతున్నారు, బయట మే నెల మధ్యాహ్నం, తారు మెత్తబడే ఎండ. ఆ ఎండ తెరిచిన తలుపులోంచి బండి వెనక డబ్బాలోకి పోవాలి, పోతే లోపలి వేడిని చూపే నీలం గీత పైకి లేవాలి. పొద్దున పాలబండి తలుపు తీసినప్పుడు లేచింది. పండ్లబండిది లేచింది, మూశాక దిగింది. ఐలేష్ బండి గీత మాత్రం నాలుగు డిగ్రీల మీద హాయిగా పండుకుని ఉంది. ఐలేష్ ఆమె భర్త.

ఇబ్రహీంపట్నంలో, సాగర్ రోడ్డు పక్కన, కోల్డ్ స్టోరేజీ మేడ మీద ఒక చిన్న గది. ఒక కిటికీ, రెండు తెరలు, ఆమె. మందులూ పాలూ పండ్లూ మోసే బండ్లు ఎక్కడున్నాయో, డబ్బాలో ఎంత చల్లగా ఉందో, ఎంత డీజిలు తాగుతున్నాయో చూస్తూ కూర్చోవడం ఆమె ఉద్యోగం. ప్రతి డబ్బా కప్పు నుంచీ ఒక నల్లటి తీగ వేలాడుతుంది. దాని మొనకు వేడీ చలీ తెలుస్తాయి. డ్రైవర్లు దాన్ని తోక అంటారు. తోక చెప్పిందే ఇక్కడ గీత అవుతుంది. అందరి గీతలూ మెలికలు తిరుగుతాయి, చాయ్ హోటలు దగ్గర కూలింగ్ మిషన్ ఆపితే లేస్తాయి, ఆమె ఫోన్ చేసి తిడితే దిగుతాయి. ఐలేష్ గీత స్కేలు పెట్టి కొట్టినట్టుంటుంది. పెళ్ళైన కొత్తలో రోజూ ఫోన్ చేసేవాడు. "చూసినవా?" "ఏంది చూసేది?" "నా గీత. నీ కోసమే నాలుగు మీద నిలబెట్టిన. మల్లెపూలు తెస్తే సాయంత్రానికి వాడిపోతయ్, గిది వాడదు." ఆమె నవ్వు ఆపుకొని ఫోన్ గొంతు తగ్గించేది, కింద యార్డు చూసే యూనుస్ భాయ్ చెవులు మంచి పదునువి. ఒకసారి ఆ గీతను ఫొటో తీసి ఫోన్లో దాచుకుంది కూడా. పెళ్ళి ఫొటోల పక్కనే ఉంటుంది. ఉగాది నాడు కంపెనీవాళ్ళు ఐలేష్ కు శాలువా కప్పినప్పుడు వెనక గోడ మీద ఆ గీతనే పెద్దది చేసి వేశారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె అందరికంటే గట్టిగా కొట్టింది, గాజు చిట్లి మణికట్టు మీద సన్నగా గీసుకుంది, అది కూడా ఆ రోజు ముద్దుగానే అనిపించింది.

తోక పాడైందేమో. పాడైతే గీత ఆగిపోతుంది గాని ఇట్లా బతికి ఉండదు. ఇది బతికే ఉంది, దగ్గరికి జరిపి చూస్తే నాలుగుకు కొంచెం పైకి, కొంచెం కిందికి ఊపిరి పీలుస్తోంది. నర్మద నిశాంత్ కు ఫోన్ చేసింది. అతను ఏదో తింటున్నాడు. "మేడం, తలుపు సెన్సార్ మంచిగనే ఉంది. తోక కూడా మంచిగనే ఉంది, సిగ్నల్ వస్తుంది చూడండి." "మరి తలుపు తీస్తే లేస్తలేదు ఎందుకు?" "ఎవరి బండి?" "మా ఆయనది." అటువైపు నవ్వు. "మీ ఆయన బండి ఎండకు కూడా భయపడదు మేడం. దానికి పటం కట్టి అగరొత్తులు పెట్టాలె మనం." "నిశాంత్, నేను నవ్వులాటకు అడుగుతలేను." అతను నమలడం ఆపాడు. "ఈ ఎండకు తలుపు తీస్తే లేవాలె మేడం. లేస్తలేదంటే తోక గాలికి లేనట్టు. ఏ పెట్టె సందులనో, ఏ సంచి కిందనో ఇరుక్కొని ఉంటది. అన్నను జర చూడమనండి." సరే అని పెట్టేసింది. పెట్టె సందున ఇరుక్కుని ఉంటుంది. అంతే అయ్యుంటుంది. బండి గతుకుల్లో ఎగిరినప్పుడు తోక ఊగి పెట్టెల మధ్య పడి ఉంటుంది. ఊగే తోక ఒకరోజు పడుతుంది, ఒకరోజు పడదు. రోజూ పడుతుందా? తలుపు సెన్సార్ లేని రోజుల గీతలు తీసింది. మొన్నటిది, పోయిన వారానిది, ఫిబ్రవరిది. ఎక్కడెక్కడ ఆగి సరుకు దించాడో ఆమెకు తెలుసు, ఆ ఆగిన చోట్ల గీత ఒక్కసారన్నా తల ఎత్తాలి. ఒక్కసారీ ఎత్తలేదు. ఇన్నాళ్ళూ అదే చూసి ఆమె మురిసింది. ఏమీ జరగకపోవడాన్ని చూసి మురిసింది.

జనవరిది తియ్యాలా? చెయ్యి మౌస్ మీదే ఆగిపోయింది. కిటికీ బయట యార్డులో ఖాళీ బండి ఒకటి వెనక్కి వస్తోంది, యూనుస్ భాయ్ చెయ్యి ఊపుతూ "ఆనే దో, ఆనే దో, బస్" అంటున్నాడు. ఇక చాలన్న ఆ "బస్" తనకే చెప్పినట్టయింది. అయినా తీసింది. జనవరి. తుక్కుగూడ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు దిగిన బండి, కందుకూరు, ఇబ్రహీంపట్నం, మరునాడు యాచారం. ఇవాళ్టి దారే. ఇవాళ్టి సరుకే. గొర్లకూ మేకలకూ వేసే పారుడు రోగం టీకాలు. గీత నాలుగు మీద. ఆమె ఫోన్లో దాచుకున్న ఫొటో ఇదే.

పారుడు రోగం వస్తే గొర్రె ముందు ముక్కు కారుస్తుంది. మూతి మీద పుండ్లు లేస్తాయి. తర్వాత పారుతుంది, నీళ్ళు నీళ్ళుగా, నిలబడ్డచోటే, ఆ గొర్రెకే సిగ్గనిపించినట్టు తల గోడ వైపు తిప్పుకుంటుంది. నర్మద తల్లి బాలనర్సమ్మ యాచారం పక్క ఊళ్ళో గొర్లు కాస్తుంది. ఫార్మా సిటీ అని భూములు తీసుకున్నాక మేత తగ్గి, కంచె అంచునే తిప్పుకుని మేపుకొస్తుంది. జనవరి క్యాంపులో మందకంతా సూదులు వేయించింది. ఉగాది వెళ్ళాక మందకంతా రోగం వచ్చింది. టీకా వేసిన గొర్లకే వచ్చింది. ఒక్కో పొద్దూ దొడ్డి తడక తీస్తే లేవనివి కొన్ని. బాలనర్సమ్మ ఊరి నడుమ నిలబడి గొర్ల డాక్టరును తిట్టింది. "నీళ్ళ సూది పొడిచిండు. మందు అమ్ముకొని మా గొర్లకు నీళ్ళ సూది పొడిచిండు." ఆ మాట ఊరంతా పాకింది. డాక్టరు బండి ఆపి పిల్లలు కూడా "నీళ్ళ సూది, నీళ్ళ సూది" అని అరిచారు. ఆయన నర్మదకు ఫోన్ చేశాడు. "మీ అమ్మకు మీరన్నా చెప్పండమ్మా. మందు మీ కోల్డ్ స్టోరేజీ నుంచే కదా వచ్చింది." చెప్పడానికి ఆమె పోయింది. ఆదివారం, ఐలేష్ తో, బైకు మీద, తల్లికి ఇష్టమని బత్తాయిలు కొనుక్కుని.

తల్లి అరుగు మీద కూర్చుని ఉంది. నర్మద పక్కన కూర్చుని ఫోన్ తీసి గీత చూపించింది. "ఇగో చూడు అవ్వా. గిది మందు వచ్చిన దారి. గిది చల్లదనం. ఎక్కడన్న వంకర ఉందా? నీ అల్లుని బండ్లనే వచ్చింది. మందుది తప్పు లేదు, డాక్టరుది తప్పు లేదు. మనిషిని అన్యాయంగ తిట్టినవ్." బాలనర్సమ్మకు చదువు రాదు, గీత తెలుసు. వేలితో ఆ నీలం మీద ఈ చివర నుంచి ఆ చివరకు రాసింది. తెర జరిగిపోయి పెళ్ళి ఫొటో వచ్చింది, మళ్ళీ వెనక్కి తేవాల్సి వచ్చింది. "తిన్నగనే ఉంది," అంది. "తిన్నగనే ఉందే." ఐలేష్ గుమ్మం లోపల పీట మీద కూర్చుని అన్నం తింటున్నాడు. తల్లి అటు తిరిగి అడిగింది, "గట్లనేనా అల్లుడా?" అతను ముద్ద మింగి, నీళ్ళు తాగి, "అవ్ అత్తా. మందుది తప్పు లేదు," అన్నాడు. ఆ నీళ్ళు తాగిన చప్పుడు ఇప్పుడు వినబడుతోంది, ఈ గదిలో, ఏసీ చప్పుడు మీదుగా. మరునాడు బాలనర్సమ్మ డాక్టరు దగ్గరికి పోయి అందరి ముందూ రెండు చేతులూ జోడించింది. జోడించమన్నది నర్మదే.

అక్కడితో అయిపోతే బాగుండేది. మందు మంచిదైతే, డాక్టరు మంచోడైతే, గొర్లు ఎందుకు చచ్చినట్టు? తల్లి దానికి జవాబు తనే వెతుక్కుంది. సూది వేసేటప్పుడు ఒక్కో గొర్రెనూ చెవి పట్టి, మెడ పట్టి, ఒడిసి పట్టుకున్నది తను. మధ్యలో మిగిలింది తన చెయ్యే. బాలనర్సమ్మ చేతివాసి అంటే చుట్టుపక్కల ఊళ్ళలో ఒక పేరు. ఈనలేక గింజుకునే గొర్రె ఉంటే కబురు వచ్చేది, అడ్డం తిరిగిన పిల్లను లోపలే సవరించి బయటికి తీసేది, తీసి ముక్కులో ఊదేది, పిల్ల తుమ్మేది. ఆ తుమ్ము వినడానికే పోతానని అనేది. ఇప్పుడు కబురు వస్తే పోదు. "నా చెయ్యి మంచిది కాదు బిడ్డా, ఇంకెవరినన్న పిలుచుకోండ్రి." మొన్న పక్కింటి గొర్రె ఈనుతూ చచ్చిపోయింది, తల్లి తన అరుగు మీదే రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని కూర్చుందట. మిగిలిన గొర్లను మరిది కొడుకుకు అప్పజెప్పింది. పిల్లలకు పాలు పట్టడం కూడా మానేసింది. నర్మద విని, చాదస్తం, అనుకుంది. ఐలేష్ తో కూడా అంది. "మా అవ్వకు జర చెప్పరాదు, నువ్వు చెప్తే వింటది." అతను పక్కకు తిరిగి పండుకుని, "ముసలోళ్ళు, ఏం చెప్తం," అన్నాడు. వెంటనే నిద్రపోయాడు. నిద్రపోయాడా?

తలుపు బొమ్మ పచ్చబడింది. బండి కదిలింది. తెర మీద బండి చుక్క కందుకూరు ఊరు దాటి ఇటు తిరిగింది, ఇంకో గంటలోపే వస్తుంది. వచ్చాక ఆమె ఈ ప్రయాణం గీతంతా చూసి "సరుకు బాగుంది" అన్న మీట నొక్కాలి. నొక్కితే యూనుస్ భాయ్ పెట్టెలు చల్లగదిలోకి దించుతాడు. రేపు పొద్దున అవి యాచారం పోతాయి, ఈసారి క్యాంపు పెద్దది, చుట్టుపక్కల మందలన్నీ వస్తాయి. నొక్కకపోతే సరుకు పారబోయడమే. ఆపైన ఎందుకని అడుగుతారు, తోక చూస్తారు, డ్రైవరును చూస్తారు. ఉద్యోగం పోవడం చిన్నమాట. పోలీసులు కూడా రావచ్చు. తొందరపడకు. ఇరుక్కుని ఉంటుంది. కాని చల్లటి పెట్టె సందున ఇరుక్కుంటే కూడా ఎంతో కొంత లేస్తుంది కదా, పెట్టెలు దించుతూ పోతుంటే సందు తెరుచుకుంటుంది కదా. ఎండ తగలని, గాలి తగలని, ఎప్పుడూ ఒకే చల్లదనం ఉండే చోటు ఏముంటుంది డబ్బాలో? లోపలికి మూత పెట్టినట్టుండే చోటు. మూత. మూత అన్న మాట దగ్గర ఆమె ఆగింది.

ఫ్లాస్కు.

వెడల్పు మూతి స్టీలు ఫ్లాస్కు. పోయిన దసరాకు తనే కొన్నది. పొద్దున లేచి ఫ్రిజ్ లోంచి ఐసు ముక్కలు తీసి, ట్రే వెనక వేడినీళ్ళు చిలకరించి, టకటక రాలగొట్టి, గొంతుదాకా నింపి, బిగించి ఇస్తుంది. "నిండ పొయ్యి, ఎండ మస్తుంది," అంటాడు. చలికాలంలో కూడా పోయమన్నాడు. "చలికాలం ఐసేందయ్యా?" అని అడిగితే "క్యాబిన్ల ఇంజన్ వేడి నీకేం తెలుసు," అన్నాడు, పాపం అనుకుంది. సాయంత్రం ఫ్లాస్కు నిండుగానే తిరిగి వచ్చేది, ఐసు కరిగి నీళ్ళై. ఒక్క గుక్క తాగేవాడు కాదు. ఇంట్లోకి వస్తూనే కుండ దగ్గరికి పోయి చెంబుతో గటగటా తాగేవాడు. "చల్లటి నీళ్ళు కట్టిస్తే తాగవు, రాళ్ళు లేస్తయ్ కడుపుల," అని ఆమె తిట్టేది. తిడుతూ ఆ నీళ్ళు బకెట్లో ఒంపేది. ఒంపుతుంటే ఒక తడిగుడ్డ ముక్క కూడా పడేది. "గిదేంది?" "మూత కారుతుంది, సుట్టిన." గుడ్డ ఉతికి ఆరేసింది. రోజూ ఉతికి ఆరేసింది. ఐసు మీద గుడ్డ, గుడ్డ మీద తోక మొన, పైన మూత సగం బిగించి. తోకకు తెలిసిన లోకం అంతే. బయట డబ్బా ఎంత కాగిపోతున్నా దానికి ఏం తెలుసు, దాని లోకం నర్మద ఫ్రిజ్ లోంచి వచ్చింది. ప్రతి పొద్దూ ఆ అబద్ధాన్ని చేతులు చల్లబడేదాకా నింపి, కారకుండా బిగించి, జాగ్రత్త అని చెప్పి పంపింది తనే.

ఫోన్ మోగింది. ఐలేష్. ఎత్తకూడదు అనుకుంటూనే ఎత్తింది.

"ఏం జేస్తున్నవ్?"

"కూసున్న."

"తిన్నవా?"

"తిన్న." తినలేదు. అన్నం డబ్బా బల్ల మీదే ఉంది.

"చూసినవా మరి?"

"చూసిన."

"ఎట్లుంది?"

"నాలుగు మీదనే ఉంది," అంది నర్మద.

అతను నవ్వాడు. రోజూ నవ్వే నవ్వే. ఆ నవ్వు వెనక ఏముందో ఆమె చెవి పెట్టి విన్నది. టైరు చప్పుడు, ఎదురుగా పోయిన బస్సు, హారన్. ఇంకేమీ లేదు. మిగతా డ్రైవర్లు ఫోన్ చేస్తే గొంతు వెనక ఎప్పుడూ ఒక రొద ఉంటుంది, క్యాబిన్ నెత్తి మీద కూలింగ్ మిషన్ ఫ్యాన్లు తిరిగే రొద, దాంట్లో సగం మాటలు మునిగిపోతాయి, మళ్ళీ చెప్పన్నా అని అరవాలి. ఐలేష్ గొంతు మాత్రం ఎప్పుడూ శుభ్రంగా వినబడేది. ఫోన్ మంచిదని అనుకుంది. తర్వాత కొన్నాళ్ళకు, తనతో మెల్లగా మాట్లాడతాడు కాబట్టి మెల్లగా వినబడుతుందని అనుకుంది. మనిషి మీద మనసు పడితే చెవులు కూడా మనసు చెప్పిందే వింటాయి. ఫోన్ పెట్టేశాక కూడా ఆ శుభ్రమైన నిశ్శబ్దం చెవిలో ఉండిపోయింది.

ఎందుకు చేశాడో ఆమెకు తెలియకపోలేదు. తెర మీద నీలం గీత కింద నల్ల గీత ఒకటి ఉంది, డీజిలుది, లీటరుకు ఎంత దూరం నడిచిందో చెప్పేది. కూలింగ్ మిషన్ వేస్తే బండి బరువెక్కుతుంది, డీజిలు తాగుతుంది, నల్ల గీత పడిపోతుంది. అది పడిపోతే ఓనరు బండి గుంజుకుని ఇంకొకడికి ఇస్తాడు, ఇంకో డ్రైవరు స్వామి బండి అట్లాగే పోయింది. రెండు గీతలూ నిలబెట్టే డ్రైవరు ఎవడూ లేడు. ఐలేష్ ఒక్కడే నిలబెట్టాడని శాలువా కప్పారు. కంపెనీని మోసం చేశాడు, సరే, కంపెనీ కూడా తక్కువది కాదు. ఆ మాట ఒప్పుకోగలదు. ఇంటికి వచ్చి చెప్పి ఉంటే ఇద్దరూ కలిసి భయపడేవాళ్ళు, ఏదో దారి వెతుక్కునేవాళ్ళు. అతను చెప్పలేదు. చెప్పకపోగా తెర ముందు కూర్చున్న మనిషినే ఏరుకుని రోజూ చూసినవా, చూసినవా అని అడిగాడు. ముద్దుకు అడిగాడనుకుంది. పట్టుబడ్డానా లేదా అని అడిగాడు. రోజూ ఒకే ప్రశ్న, రోజూ ఒకే జవాబు, ఆమె సిగ్గుపడుతూ ఇచ్చిన జవాబు, దాని మీద అతను నిశ్చింతగా బండి నడిపాడు. మీట నొక్కేస్తే? గీత బాగుంది, నిశాంత్ సెన్సార్ బాగుందన్నాడు, ఎవరూ వేలెత్తి చూపరు. గొర్లు చస్తే ఎండాకాలం చచ్చాయంటారు, మేత లేక చచ్చాయంటారు. ఇంకో బాలనర్సమ్మ ఎవరో, ఏ ఊళ్ళోనో, తన చేతులు తిప్పి తిప్పి చూసుకుంటుంది. చుక్క ఇబ్రహీంపట్నం పొలిమేర దగ్గరికి వచ్చింది. అక్కడ బండి కాసేపు ఆగింది. రోజూ ఆగుతుంది, సిగరెట్ కని అనుకునేది. తలుపు బొమ్మ ఒక్కసారి ఎర్రబడి పచ్చబడింది. తోకను ఫ్లాస్కులోంచి తీశాడు. అంతకు ముందే మిషన్ వేసి డబ్బా చల్లబరిచాడు. ఇక ఇక్కడికి వచ్చేసరికి డబ్బా చల్లగా ఉంటుంది, యూనుస్ భాయ్ మొహానికి చల్లగాలి కొడుతుంది. కందుకూరులో కూడా ఊరి బయట కాసేపు ఆగి మిషన్ వేసి ఉంటాడు, తోకను మాత్రం ఫ్లాస్కులోనే ఉంచి. గీత ఇప్పుడు లేచింది, ఐదు, ఆరు, మళ్ళీ దిగుతోంది. రోజూ ఈ చివర ఒక చిన్న బుడిపె ఉండేది, గేటు ముందు గతుకుకు తోక ఊగిందనుకుంది. ఆమె కిందికి దిగింది. మెట్లు కాళ్ళ కింద ఎట్లా పోయాయో తెలియదు.

బండి వెనక్కి తిప్పి ఆపాడు. దిగాడు, చొక్కా వీపుకు అంటుకుని ఉంది, ఆమెను చూసి మొహం వెలిగింది. "ఏందే, ఇయ్యాల కిందికే వచ్చినవ్. గంత యాదికొచ్చిన్నా?" యూనుస్ భాయ్ ట్రాలీ కోసం హమాలీలను కేకేస్తూ షెడ్డులోకి పోయాడు.

"దూప అయితుంది," అంది నర్మద. "ఫ్లాస్కు ఇయ్యి."

"మీద గదిల నీళ్ళున్నయి గదా."

"చల్లటియి కావాలె."

అతను క్యాబిన్ వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. "గవి మంచిగ లేవు. మూత వాసనొస్తుంది. ఆగు, బాటిల్ తెస్త." ఆమె అతన్ని దాటి క్యాబిన్ మెట్టెక్కింది, సీటు వెనక చెయ్యి పెట్టింది. ఫ్లాస్కు తగిలింది. మూత తిప్పింది. గుడ్డ. గుడ్డ మధ్యలో తోక మొన దిగినచోట చిన్న గుంట. ఆమె ఆ గుంటలో వేలు పెట్టింది, చల్లగా, రోజూ పొద్దున తన చేతులకు తగిలేంత చల్లగా.

అతను మెట్టు కిందే నిలబడ్డాడు. మెల్లగా మాట్లాడాడు. "నర్మదా. విను. డీజిలు గీత వంగితే బండి పోతది. చల్ల గీత లేస్తే సరుకు పోతది. రెండు గీతలు ఒక్కడు ఎట్ల పట్టాలె? అందరు ఏదో ఒకటి చేస్తున్రు. నేనొక్కణ్నే గాదు." ఆమె మూత మళ్ళీ బిగించింది. "నువ్వు నొక్కితే అయిపోతది. రేపటి సంది మిషన్ వేసుకొనే వస్త. మా అవ్వ తోడు."

"మీ అవ్వ తోడెందుకు," అంది నర్మద. "మా అవ్వ గురించి చెప్పు. ఆ దినం నేను ఫోన్ చూపెడ్తుంటే, నువ్వు అన్నం తింటున్నవ్. ఎట్ల మింగినవ్?"

ఐలేష్ జవాబు వెతికాడు. ఆమె చూస్తుండగానే వెతికాడు. దొరికింది అబద్ధమై ఉంటే ఆమెకు తేలికయ్యేది.

"నువ్వంత గట్టిగ చెప్తున్నవ్ గదా," అన్నాడు. "వింటుంటే, నిజంగనే మందుది తప్పు లేదేమో అనిపించింది. జర సేపు నేను గూడ నమ్మిన."

ట్రాలీ చక్రాల చప్పుడు దగ్గరికి వచ్చింది. యూనుస్ భాయ్ తలుపు గడియ తీశాడు. చల్లగాలి బయటికి వచ్చింది, మంచి చల్లగాలి, హమాలీ ఒకడు "అబ్బ" అని మొహం అందులో పెట్టాడు. "ఐలేష్ బండంటే ఐలేష్ బండే," అన్నాడు యూనుస్ భాయ్. "బేటీ, నొక్కినవా? దించమంటవా?"

"దించకు భాయ్."

"ఎందుకు? గీత మంచిగ లేదా?"

"గీత మంచిగనే ఉంది. మందే మంచిగ లేదు." ఫ్లాస్కు అతని చేతిలో పెట్టింది. యూనుస్ భాయ్ మూత తీసి లోపలికి చూశాడు, తోక వేలాడే కప్పు వైపు చూశాడు, మళ్ళీ లోపలికి చూశాడు. పెద్దమనిషి. అన్నీ అర్థమైనప్పుడు గడ్డం గోక్కునే అలవాటు. ఐలేష్ వైపు మాత్రం చూడలేదు, బేటీ అని పిలిచే పిల్ల మొగుడు, అల్లుడి వరస అవుతాడు. "కందుకూరు వాళ్ళకు నువ్వు ఫోన్ చెయ్యి భాయ్," అంది నర్మద, "దించినయి వాడొద్దని చెప్పు. యాచారం నేను చెప్త." ఐలేష్ "నర్మదా" అన్నాడు. దూరంగా ఉన్న ఎవరినో పిలిచినట్టు. ఆమె ట్రాలీ పక్కనుంచి షెడ్డు నీడలోకి నడిచింది. హమాలీలు ఖాళీ ట్రాలీని ఎటు తిప్పాలో తెలియక అట్లే నిలబడ్డారు. ఐలేష్ మీద కోపం రావాలి, వస్తుంది, రాత్రికో రేపో వస్తుంది, వచ్చినప్పుడు చూసుకుందాం. ఇప్పుడు ఇంకో పని ఉంది, ముందు అది.

బాలనర్సమ్మ వెంటనే ఎత్తింది. వెనక గొర్ల అరుపులు, మనుషుల గొంతులు.

"ఏమే, గీ యాళకు చేసినవ్?"

"అవ్వా, రేపు సూదులు వేయించకు. ఎవ్వరిని వేయించనీకు."

"గదేంది? నేనే అందరికి చెప్పొచ్చిన గదనే. కురుమోళ్ళు, సాయిబులు, అందరు మందలు తోలుకొస్తమన్నరు. నేను పట్టుకోనులే, నా చెయ్యి తగలనియ్యను, దూరం నిలబడ్త. గొర్లను మీ చిన్నాయన కొడుకు పడ్తడు."

"చెయ్యి సంగతి కాదే. వద్దను, అంతే."

"అరే, వద్దంటే ఏమని చెప్పాలె వాళ్ళకు? జనం నమ్మకపోతుంటే నేనే ఒట్టు పెట్టి చెప్పిన, మందు నా అల్లుని బండ్లనే వస్తుంది, ఇగ ఫికరు లేదని."

"అందుకే వద్దంటున్న," అంది నర్మద.